ముప్పై అయిదేళ్లకు అందిన జాబు

బంధుత్వాలను కలుపుకోవడానికి ఎంత అవసరమో అంతమేరకైనా మీ వంశ సంబంధాలను తెలుసుకోండని దైవప్రవక్త ముహమ్మద్ (స) ఉపదేశించారు. తిర్మిజీ గ్రంథంలో ఉన్న ఈ హదీసు మనకు కొత్తది కాదు. అయితే వంశం అనగానే మన మనసులో మెదిలేది తండ్రి, తాత, ముత్తాతల వరుసే. విజయవాడలోనో, గుడివాడలోనో, బందరులోనో ఏ ముస్లిం కుటుంబ పెద్దనైనా అడిగి చూడండి. ముత్తాత ఏ ఊరి నుంచి వచ్చాడో, ఏ కొలువు చేశాడో, ఎవరితో వ్యాజ్యమాడాడో వివరంగా చెబుతారు. ఆయన భార్య పేరేమిటని అడిగితే మాత్రం కాసేపు ఆలోచనలో పడతారు. “అందరూ బందరు నానీ అనేవారు” అని చెప్పి ఊరుకుంటారు. పుట్టింటి ఊరే ఆమె పేరుగా మిగిలిపోతుంది.

ఒక అమ్మమ్మ జీవితాన్ని కాగితాల ద్వారా తిరిగి తెలుసుకోవడం సాధ్యమేనా అన్న ప్రశ్నకు జవాబు వెదుకుతున్నప్పుడు మాకు మన డెల్టాతోనే ముడిపడిన ఒక చరిత్ర తారసపడింది. అది షరఫున్నీసా బేగం చరిత్ర. హైదరాబాదులో పుట్టి, కుమార్తెతో పాటు బందరులో ప్రవాస జీవితం గడిపి, డెబ్బై అయిదేళ్ల వయసులో, సముద్రాల అవతలనున్న మనుమరాలి జాబు అందుకున్న స్త్రీ ఆమె. ఈ కథను లోకం ఇంతవరకు ఆమె కథగా చెప్పుకోలేదు. ఆమె అల్లుడి ప్రేమకథగా, ఇంగ్లీషు దొర ముస్లిం కన్యను పెళ్లాడిన వింతగా చెప్పుకుంది. విలియం డాల్రింపుల్ 2002లో ప్రచురించిన ‘వైట్ మొఘల్స్’ గ్రంథంతో ఆ కథ ప్రపంచమంతటా వ్యాపించింది. ఆ పుస్తకాన్ని చదివిన మనవాళ్లు కూడా ఎక్కువగా మాట్లాడుకునేది ఆ దంపతుల గురించే. మేము ఇక్కడ అమ్మమ్మను ముందు నిలబెట్టదలచాము.

షరఫున్నీసా పూర్వికులు ఇరాన్ నుంచి వచ్చిన సయ్యద్ కుటుంబీకులు. తండ్రి బాఖర్ అలీ ఖాన్ నిజాం ప్రభుత్వంలో ఉన్నతోద్యోగి. తరువాతి కాలంలో దీవాన్ అయిన మీర్ ఆలంకు దగ్గరి బంధువు. ఆమెను తనకంటె వయసులో చాలా పెద్దవాడైన మెహదీ యార్ ఖాన్‌కు ఇచ్చి వివాహం చేశారు. భర్త మరణించేనాటికి ఆమె ఇంకా యువతి. ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని పుట్టింటికి చేరింది. ఆ ఇద్దరిలో చిన్నది ఖైరున్నీసా.

1797 నుంచి హైదరాబాదులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్‌కు, ఖైరున్నీసాకు కలిగిన అనుబంధం నగరమంతా అలజడి రేపింది. అతడు ఇస్లాం స్వీకరించి ఆమెను నికాహ్ చేసుకున్నాడు. గవర్నర్ జనరల్ వెల్లెస్లీ దీనిపై విచారణలు జరిపించాడు. కంపెనీ అధికారులు తమ నివేదికల్లో తల్లి పాత్రను గురించి రకరకాలుగా రాశారు. ఆమే ఈ వ్యవహారాన్ని నడిపించిందని కొందరు, గత్యంతరం లేక ఒప్పుకున్నదని కొందరు. ఆ కాగితాల్లో ఆమె ఒక సాక్షి, కొన్నిచోట్ల ఒక అనుమానితురాలు. తండ్రి ఇంట్లో ఉంటున్న వితంతువు, కుమార్తె గౌరవాన్ని, కుటుంబ పరువును, నగర రాజకీయాలను ఏకకాలంలో తూచుకోవలసివచ్చిన తల్లి అన్న సంగతి ఆ నివేదికలు రాసినవారికి పట్టలేదు. వృద్ధాప్యంలో మాత్రం ఆమె తన మాట తాను చెప్పుకుంది. తన కుమార్తె వివాహం ముస్లిం సంప్రదాయం ప్రకారం జరిగిన నికాహ్ అని స్పష్టంగా వాంగ్మూలమిచ్చింది. మనుమరాలి పుట్టుకపై నీడ పడకుండా చూసిన మాట అది.

ఖైరున్నీసాకు 1801లో కుమారుడు, 1802లో కుమార్తె కలిగారు. మీర్ గులాం అలీ సాహెబ్ ఆలం అని కొడుకుకు, నూరున్నీసా సాహెబ్ బేగం అని కూతురికి పేర్లు పెట్టారు. హైదరాబాదు కోఠీలో నేటికీ నిలిచి ఉన్న రెసిడెన్సీ భవనం, అంటే తరువాత మహిళా కళాశాలగా ప్రసిద్ధి చెందిన కట్టడం, కిర్క్‌పాట్రిక్ నిర్మించినదే. ఆ ప్రాంగణంలో ఖైరున్నీసా కోసం కట్టిన రంగమహల్ మాత్రం ఇప్పుడు లేదు.

1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లండు పంపించారు. కంపెనీ అధికారుల ఇళ్లలో ఆనాడు అది రివాజు. పిల్లవాడికి నాలుగేళ్లు దాటాయి, పాపకు మూడేళ్లు దాటాయి. మద్రాసులో ఓడ ఎక్కించేముందు జార్జి చిన్నరీ అనే చిత్రకారుడు వారి రూపాలను చిత్రించాడు. హైదరాబాదీ దుస్తుల్లో ఆ పసివారు కనిపించే చివరి దృశ్యం ఆ పటమే. అదే సంవత్సరం అక్టోబర్ 15న తండ్రి కలకత్తాలో మరణించాడు. మరుసటి సంవత్సరం లండనులో పిల్లలకు బాప్తిస్మమిచ్చి విలియం జార్జి, కాథరిన్ అరోరా అని పేర్లు మార్చారు. నూరున్నీసా అప్పటి నుంచి కిట్టీ కిర్క్‌పాట్రిక్. ఒక్క ఏడాదిలో తల్లికి భర్త పోయాడు, పిల్లలు పోయారు, పిల్లల పేర్లు కూడా పోయాయి.

బందరులో ఇద్దరు స్త్రీలు

భర్త సమాధిని చూడడానికి ఖైరున్నీసా కలకత్తాకు బయలుదేరింది. తల్లి ఆమెను ఒంటరిగా పంపలేదు, తానూ వెంట నడిచింది. తిరుగు ప్రయాణంలో వారికి హైదరాబాదు ద్వారాలు మూసుకుపోయాయి. 1804లో దీవాన్ పదవికి వచ్చిన మీర్ ఆలం వారి రాకను నిషేధించాడు. బంధువే శత్రువైన సందర్భం అది. అలా ఆ తల్లీకూతుళ్లు మచిలీబందరులో ఉండిపోవలసివచ్చింది.

బందరే ఎందుకన్నది ఆలోచించదగ్గ విషయం. 1759లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారి నుంచి బందరు కోటను పట్టుకున్నాడు. 1766 ఒడంబడికతో ఉత్తర సర్కారులపై కంపెనీ అధికారాన్ని నిజాం ఒప్పుకున్నాడు. కనుక బందరు నిజాం సరిహద్దు వెలుపలిది, హైదరాబాదుకు చేరువలోని రేవు కూడా. వెనక్కు పోవడానికి అనుమతి వస్తే పోవచ్చు, రాకపోతే అక్కడే ఉండాలి. నేడు హైదరాబాదు నుంచి విజయవాడ మీదుగా మచిలీపట్నం చేరే 65వ నంబరు జాతీయ రహదారిపై ఉదయం బయలుదేరినవారు మధ్యాహ్నానికి బందరులో ఉంటారు. ఆ ఇద్దరికీ ఆ దూరం సంవత్సరాల దూరమయింది.

పర్షియన్ భాషలో ‘బందర్’ అంటే రేవు. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇది తూర్పు తీరంలోని గొప్ప రేవుల్లో ఒకటి. ఇరాన్ వర్తకులు ఇక్కడ దిగేవారు, ఇక్కడి కలంకారీ వస్త్రాలు ఇరాన్‌కు ఎగుమతి అయ్యేవి. ఇంగ్లీషువారు 1611లోనే ఇక్కడ కోఠీ పెట్టారు. షరఫున్నీసా వచ్చేనాటికి ఆ వైభవం తగ్గుముఖం పట్టింది. రేవు మేటవేసి, పెద్ద ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసేవి. సరుకును, మనుషులను చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చేవారు. కోట చుట్టూ ఉప్పునీటి బురదనేలలు. నేడు మనం చూసే పచ్చని డెల్టా కూడా అప్పటికి లేదు. బెజవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట నిర్మాణం 1852లో మొదలై 1855లో ముగిసింది. కాలువలు, వరిచేలు, పడవల ప్రయాణాలు అన్నీ ఆ తరువాతి మాట. బెజవాడ నుంచి బందరుకు రైలు వచ్చింది 1908లో.

ఆ ఊళ్లో ఆ ఇద్దరు స్త్రీలు ఎలా కాలం గడిపారో చెప్పడానికి వారి సొంత మాటలు మిగలలేదు. ఖైరున్నీసా గొంతును మనం ఇతరుల ఉత్తరాల ద్వారానే వినవలసివస్తున్నది. కలకత్తాలో ఆమెకు అండగా నిలుస్తానన్న హెన్రీ రస్సెల్, కిర్క్‌పాట్రిక్ వద్ద సహాయకుడిగా పనిచేసిన యువకుడు, 1808లో మద్రాసులో వేరొక స్త్రీని వివాహమాడాడు. ఆ వార్త బందరుకు చేరినప్పుడు కుమార్తె పక్కన ఉన్నది తల్లి ఒక్కతే. రస్సెల్ కుటుంబపు కాగితాలు ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నాయి. బందరు రోజుల గురించి మనకు తెలిసినదానిలో పెద్ద భాగం ఆ పురుషుల ఉత్తర ప్రత్యుత్తరాల నుంచి ఏరుకున్నదే. ఒక స్త్రీని దగా చేసినవాడి కాగితాల్లోనే ఆమె చరిత్ర వెదుక్కోవలసి రావడం ఎంత విపరీతం!

తరువాత వారు హైదరాబాదు చేరుకోగలిగారు. 1813 సెప్టెంబర్ 22న ఖైరున్నీసా కన్నుమూసింది. ఆమెకు అప్పటికి ఇరవై ఏడేళ్లు. పిల్లలను పంపించాక మళ్లీ చూడలేదు. షరఫున్నీసా కుమార్తెను పోగొట్టుకుని మరో ముప్పై నాలుగేళ్లు జీవించింది. 1828లో మనుమడు విలియం కూడా ఇంగ్లండులో మరణించాడు. జాగీరులు చేజారాయి. ఇబ్బందులతో కూడిన వృద్ధాప్యం. ఇక మిగిలింది ఒక్క మనుమరాలు, ఆమె ఎక్కడున్నదో, అమ్మమ్మను తలచుకుంటున్నదో లేదో తెలియని దూరం.

మనుమరాలు అడిగింది

కిట్టీ తండ్రి తరపు బంధువుల ఇళ్లలో పెరిగింది. చక్కనిదని, సౌమ్యురాలని పేరు తెచ్చుకుంది. ఆ బంధువుల ఇంట పాఠాలు చెప్పడానికి వచ్చిన రచయిత థామస్ కార్లైల్ ఆమెను చూసి ముగ్ధుడై, తన ‘సార్టార్ రిసార్టస్’ గ్రంథంలోని ఒక పాత్రను ఆమె ఛాయలో తీర్చాడని చెబుతారు. 1829లో ఆమె కెప్టెన్ జేమ్స్ విన్స్‌లో ఫిలిప్స్‌ను వివాహమాడింది, బిడ్డల తల్లి అయింది. బయటివారు చూస్తే లోటులేని జీవితం.

ఒకనాడు ఆమె బెర్క్‌షైర్‌లోని స్వాలోఫీల్డ్ అనే భవనానికి వెళ్లింది. అది హెన్రీ రస్సెల్ ఇల్లు, తన తల్లిని బందరులో వదిలిపెట్టిన ఆ రస్సెల్. అక్కడ గోడపై చిన్నరీ గీసిన పటం ఉంది. హైదరాబాదీ దుస్తుల్లో తాను, పక్కన అన్న. కిట్టీ దుఃఖం ఆపుకోలేకపోయింది. రస్సెల్ ఆ పటాన్ని తన తదనంతరం ఆమెకే చెందేట్టు ఏర్పాటు చేశాడు. తల్లికి చేసినదానికి అది చాలునా అన్న ప్రశ్నను మేము పాఠకులకే వదులుతున్నాము.

1841లో కిట్టీకి, అమ్మమ్మకు మధ్య జాబులు నడవడం మొదలయింది. హైదరాబాదు రెసిడెన్సీలో ఉద్యోగిగా ఉన్న డంకన్ మాల్కం మధ్యవర్తి. షరఫున్నీసా పర్షియన్ భాషలో చెప్పి రాయించేది, వాటిని ఇంగ్లీషులోకి మార్చి పంపేవారు. కిట్టీకి తన మాతృభాష పూర్తిగా మరపుకు వచ్చింది. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. అమ్మమ్మకూ మనుమరాలికీ ఉమ్మడి భాష లేదు, ఉమ్మడి మతం లేదు, ఉమ్మడి దేశం లేదు. ఒకరి ముఖం ఒకరికి ముప్పై అయిదేళ్ల కిందటి జ్ఞాపకం. అయినా ఆ జాబుల్లో ఉన్నది ఆప్యాయతే.

కిట్టీ తన జాబుల్లో మరచిపోని సంగతులు రాసింది. తామందరూ కూర్చునే గది, విడిపోయే రోజున తల్లి ఏ చోట కూర్చుని ఏడ్చిందో ఆ చోటు, జుట్టు పీక్కుంటూ తల్లి చేసిన రోదన. మూడేళ్ల పసిపిల్ల మనసులో ఇంత స్పష్టంగా నిలిచిన దృశ్యాలు! హైదరాబాదులో మీ ఇద్దరి దగ్గరా ఉన్నట్టు కలలు వస్తుంటాయని చెప్పుకుంది. ఇన్నేళ్లూ రాయాలని తపించినా, రాస్తే ఆ జాబు నడుమనే ఆపివేస్తారన్న భయంతో రాయలేకపోయానని బాధపడింది. షరఫున్నీసా తన దగ్గర దాచుకున్న కుమార్తె తల వెంట్రుకల పాయను మనుమరాలికి పంపింది. ఖైరున్నీసా పోయి అప్పటికి పాతికేళ్లు దాటింది. అన్ని జాగీరులు పోగొట్టుకున్న మనిషి, బందరు నుంచి హైదరాబాదు వరకు తిరిగిన మనిషి, ఆ ఒక్క పాయను మాత్రం పోగొట్టుకోలేదు.

జాబులు ఆరేళ్లపాటు సాగాయి. వారు కలుసుకోనేలేదు. 1847లో షరఫున్నీసా మరణించింది. కిట్టీ 1889 వరకు జీవించింది. ఆ తరువాత నాలుగేళ్లకు, 1893లో, ఆమె బంధువైన సర్ ఎడ్వర్డ్ స్ట్రాచీ ‘బ్లాక్‌వుడ్స్’ పత్రికలో ఈ కుటుంబ చరిత్రను ప్రకటించాడు. కిట్టీ సంతతివారు ఆ ఉత్తరాలను భద్రపరచినందువల్లనే నూరేళ్లు దాటిన తరువాత పరిశోధకుడు వాటిని చదవగలిగాడు. కంపెనీ నివేదికలు మాత్రమే మిగిలి ఉంటే షరఫున్నీసా ఒక కుట్రదారుగానో, ఒక బలహీనురాలుగానో మిగిలేది. మనుమరాలు అడిగింది కనుక, అమ్మమ్మ జవాబు చెప్పింది కనుక, ఆమె అమ్మమ్మగా మిగిలింది.

తెగిన బంధుత్వం గురించి మన ధర్మం ఏమంటుందో గుర్తు చేసుకోవలసిన చోటు ఇదే. మేలుకు మేలు చేసేవాడు బంధుత్వాన్ని నిలిపేవాడు కాడు, తనతో తెంచుకున్నవారితో కూడా కలుపుకునేవాడే నిజంగా నిలిపేవాడని బుఖారీలోని హదీసు చెబుతుంది. హజ్రత్ అస్మా (ర) తన తల్లి విషయమై ప్రవక్త (స)ను అడిగిన సంఘటన కూడా బుఖారీలోనే ఉంది. ఆ తల్లి అప్పటికి విశ్వసించలేదు. అయినా ఆమెతో బంధుత్వాన్ని పాటించమనే ప్రవక్త (స) ఆదేశించారు. క్రైస్తవురాలిగా పెరిగిన మనుమరాలి జాబును షరఫున్నీసా కళ్లకద్దుకుని అందుకున్నదంటే, ఆమె ఈ మార్గానికి దూరంగా లేదనే మా అభిప్రాయం.

మన ఇళ్లలోని పెట్టెలు

రెసిడెంటు కుటుంబం కనుక అన్ని కాగితాలు మిగిలాయి, మా నానీకి ఎవరు ఉత్తరాలు రాశారు అని పాఠకులు అడగవచ్చు. సమంజసమైన ప్రశ్నే. పైగా మన డెల్టాలో నీరు కాగితాలకు ఆగర్భశత్రువు. 1864 నవంబర్ 1 రాత్రి బందరును ముంచెత్తిన ఉప్పెనలో దాదాపు ముప్పై వేలమంది మరణించారు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన పదివేలకు పైగా ప్రాణాలు తీసింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ఇలాంటి ప్రతి వరదలోనూ బియ్యం, బట్టలతో పాటు ఇనుప పెట్టెల అడుగున ఉన్న నికాహ్‌నామాలు, దస్తావేజులు, ఫోటోలు నానిపోతాయి. బియ్యం మళ్లీ కొనుక్కుంటాము.

ఇంట్లో పోయినా కొన్ని కాగితాలకు నకళ్లు బయట ఉంటాయి. ఖాజీ గారి నికాహ్ దఫ్తరులో వధువు పేరు, ఆమె తండ్రి పేరు, మెహర్ మొత్తం, సాక్షుల పేర్లు ఉంటాయి. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో పేర్ల సూచికలు ఉంటాయి, పాత దస్తావేజుల నకళ్లు రుసుము చెల్లించి తీసుకోవచ్చు. మెహర్ బాకీ కింద భర్త ఇల్లు రాసిచ్చిన దస్తావేజులు, హిబానామాలు మన సమాజంలో అరుదేమీ కావు. మరెక్కడా పేరు కనిపించని స్త్రీ ఆస్తి తనదైనప్పుడు తన పేరుతోనే, తన తండ్రి పేరుతో సహా ప్రత్యక్షమవుతుంది. ఇస్లాం స్త్రీకి ఇచ్చిన ఆస్తిహక్కు ఆమె పేరును కూడా కాపాడిందన్నమాట. కుమార్తె తన వాటాను సోదరులకు వదులుకున్నట్టు రాసిన దస్తావేజులు కూడా ఆ పుస్తకాల్లోనే ఎదురుపడతాయి. అవి చదవడం అంత సులువు కాదు. వంశచరిత్ర వెదకబోయినవారికి ఒక్కోసారి మేనత్తకు ఇవ్వవలసిన వాటా గుర్తుకు వస్తుంది. అలా గుర్తుకు వస్తే పరిశోధన పక్కన పెట్టి ముందు ఆ వాటా సంగతి చూడడం మంచిది.

మసీదు, దర్గా, ఖాజీ సేవలకు ఇనాం భూములున్న కుటుంబాలవారికి మరొక ఆధారముంది. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్‌ను ఏర్పాటు చేసి ప్రతి ఇనాం వివరాన్ని రిజిస్టర్లలోకి ఎక్కించింది. ఇనాందారుల తరాలు వాటిలో కనిపిస్తాయి. అయితే అవి పురుషుల వరుసలే ఎక్కువగా. వితంతువు చేతిలో ఇనాం ఉన్నచోట మాత్రం ఆమె ప్రస్తావన వస్తుంది.

స్త్రీల పేర్ల సంగతికి వస్తే స్వతంత్ర భారతదేశపు తొలి ఎన్నికల ఓటర్ల జాబితా తయారీలో జరిగినది గుర్తు చేసుకోవాలి. 1951-52 ఎన్నికలకు ముందు చాలామంది స్త్రీలు సొంత పేరు చెప్పడానికి నిరాకరించారు. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అనే రాయించారు. అలాంటి నమోదులను ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అంగీకరించలేదు. దాదాపు 28 లక్షలమంది స్త్రీలు, ఎక్కువగా ఉత్తరాదివారు, జాబితాలో చోటు కోల్పోయారు. మతభేదం లేకుండా అన్ని ఇళ్లలోనూ ఉన్న అలవాటు అది.

పేరు చెప్పకపోవడమే మర్యాద అని మన పెద్దల్లో ఇప్పటికీ కొందరి భావన. దాన్ని మేము ఎగతాళి చేయము, ఆ భావన వెనుక సిగ్గు, అణకువ ఉన్నాయి. కాని అది ధర్మాదేశమని అనుకోవడం సరికాదు. మీకు అందరికంటె ప్రియమైనవారెవరని అమ్ర్ బిన్ ఆస్ (ర) అడిగినప్పుడు ప్రవక్త (స) ఏమాత్రం సంకోచించక ఆయిషా అని పేరు చెప్పారు. ఒక రాత్రి వేళ దారిన పోతున్న ఇద్దరు అన్సారీలను ఆపి, నా వెంట ఉన్నది సఫియ్యా అని స్వయంగా తెలియజేశారు. ప్రవక్త (స) తన తల్లి సమాధిని దర్శించి కంటతడి పెట్టారు, ఆమె పేరు ఆమినా అని మన పసిపిల్లలకు కూడా తెలుసు. ఇబ్నె సాద్ తన ‘తబఖాత్’లో ఒక సంపుటాన్ని పూర్తిగా స్త్రీల జీవితాలకే కేటాయించాడు. ఎవరి కుమార్తె, ఎవరి తల్లి, ఎవరి వద్ద ఏమి విన్నది అని ఒక్కొక్కరి గురించి రాశాడు. వెయ్యేళ్లకు పూర్వమే స్త్రీల పేర్లను ఇంత శ్రద్ధగా రాసి ఉంచిన సమాజం వారసులం మనం.

కాగితాలకంటె ముందు చేయవలసిన పని మాత్రం ఇంట్లోనే ఉంది. షరఫున్నీసా చరిత్రలో మమ్మల్ని ఎక్కువగా కదిలించినది తేదీల వరుస. కిట్టీ మొదటి జాబు ఆరేళ్లు ఆలస్యమై ఉంటే అందుకునేవారు ఉండేవారు కాదు. మన ఇళ్లలో ఎనభై దాటిన నానీలు, దాదీలు, జేజమ్మలు ఉన్నారు. వారికి జ్ఞాపకమున్నది ఎక్కడా రాసిలేదు. వారిని కూర్చోబెట్టి నీ జీవితచరిత్ర చెప్పమంటే చెప్పరు. “నా దగ్గరేముంది బాబూ చెప్పడానికి” అంటారు. అడగవలసినది చిన్న చిన్న సంగతులు. పెళ్లయి వచ్చినప్పుడు బందరు కాలువ మీద పడవలో వచ్చారా, రైల్లో వచ్చారా? మెహర్ ఎంత నిశ్చయించారు, అది చేతికి అందిందా? ఖుర్ఆన్ చదవడం నేర్పినదెవరు? మొదటి రంజాన్ నెలలో అత్తగారింట సహ్రీకి ఏమి వండారు? ఉప్పెన వచ్చిన రాత్రి పిల్లలను ఎక్కడ దాచారు? పురిట్లోనే పోయిన బిడ్డలకు ఏ పేర్లు పెట్టుకున్నారు? చివరి ప్రశ్న మెల్లగా, పక్కన ఎవరూ లేనప్పుడు అడగాలి.

ఆమె చెబుతుండగా సెల్‌ఫోనులో మాట రికార్డు చేసుకోవచ్చు, ముందుగా ఆమెకు చెప్పి, ఆమె ఒప్పుకుంటేనే. పాత ఫోటోల వెనుక పెన్సిలుతో పేర్లు రాసిపెట్టవచ్చు. సమయం మిగిలితే, తన అమ్మమ్మను ఆమె చిన్నప్పుడు ఏమని పిలిచేదో, ఆమె ఏ ఊరి ఆడపడుచో కూడా అడిగి రాసుకోండి.